ఖానగీ బడి – గుర్తింపు – భాష: తెలంగాణలో ప్రైవేటు పగటి పాఠశాల చరిత్ర రచనపై ఒక పరిశీలన

సంక్షిప్తి

తెలంగాణలో ప్రైవేటు పాఠశాలల చరిత్ర సాధారణంగా రెండు మూసల్లో సాగుతోంది. మొదటిది స్థాపకుల కీర్తిగాథ. రెండవది విద్యావ్యాపారంపై నింద. ఈ రెండింటిలోనూ పాఠశాలకు, ప్రభుత్వ గుర్తింపుకు, బోధన భాషకు మధ్య నడిచిన బేరం మరుగున పడుతోంది. నిజాం పాలనాకాలపు ఖానగీ బడులు, 1928లో నారాయణగూడలో నెలకొన్న ఆంధ్ర బాలికోన్నత పాఠశాల, ఆంధ్రోద్యమ చరిత్ర గ్రంథాలు, ఆత్మకథలు ఆధారంగా ఆ బేరం స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. స్టేషన్ ఘన్‌పూర్ వంటి చిన్న పట్టణంలోని పగటి పాఠశాల చరిత్రను ఏ ప్రశ్నలతో రాయాలో చివరి భాగం సూచిస్తుంది.

కీలక పదాలు: ఖానగీ బడి, వీధిబడి, గుర్తింపు, బోధన మాధ్యమం, ఆంధ్ర మహాసభ, స్థానిక చరిత్ర

1. ఉపోద్ఘాతం

కాకతీయుల నాటి కోటగుళ్లతో ప్రసిద్ధమైన ఘణపురం భూపాలపల్లి ప్రాంతంలో ఉంది. జనగామ జిల్లాలోని ఘన్‌పూర్‌ను దాని నుంచి వేరుచేసి చూపేది రైలు స్టేషను. నిజాం రాజ్యంలో రైలుమార్గం 1874లో వాడి నుంచి హైదరాబాదుకు, 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. ఆ దారిలో పడిన ఒక ఊరు స్టేషన్‌నే తన పేరుకు ముందు చేర్చుకుంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ పట్టణం ఇప్పుడు జనగామ జిల్లాకు చెందింది. చుట్టుపట్ల పల్లెలకు రాకపోకల కూడలిగా ఉండే ఇటువంటి పట్టణాలలోనే ప్రైవేటు పగటి పాఠశాల వేళ్లూనుకుంటుంది. పొద్దున వచ్చిన పిల్లలు సాయంత్రం తమ ఊళ్లకు తిరిగిపోతారు.

పగటి పాఠశాలకున్న ఈ లక్షణాన్ని చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. తెలంగాణ విద్యాచరిత్రలో వసతి సంస్థలకు దక్కిన స్థానం పెద్దది. 1918లో హైదరాబాదులో నెలకొన్న రెడ్డి హాస్టల్, 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులం తరచుగా ప్రస్తావనకు వస్తాయి. వాటిలో ఉండి చదివినవారు నాయకులుగా, అధికారులుగా ఎదిగి తమ జ్ఞాపకాలను రాశారు. ఒకే కప్పు కింద కొన్నేళ్లు గడిపినవారికి ఉమ్మడి స్మృతి ఏర్పడుతుంది. పగటి బడి విద్యార్థుల స్మృతి మాత్రం ఎవరి ఊరికి వారితోపాటే వెళ్లిపోతుంది. అందుచేత పగటి బడి చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు స్థాపకుని జీవితచరిత్రే దానికి బదులుగా నిలబడుతోంది.

పగటి బడికి మరొక ప్రత్యేకత భాష విషయంలో ఉంది. వసతి గృహం పిల్లవాడిని ఇంటి భాష నుంచి కొంతకాలం విడదీస్తుంది. పగటి బడి అలా చేయలేదు. బడి భాష, ఇంటి భాష రోజుకు రెండుసార్లు, వచ్చే దారిలోనూ పోయే దారిలోనూ, ఎదురుపడతాయి. బడి చరిత్ర రాయడమంటే ఈ ఎదురుబాటు చరిత్ర రాయడమన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. ఖానగీ, ప్రైవేటు, కాన్వెంటు: మాటల్లోని చరిత్ర

నిజాం రాజ్యంలో ప్రభుత్వేతర పాఠశాలను ‘ఖానగీ’ పాఠశాల అనేవారు. పారశీ భాషలో ‘ఖానా’ అంటే ఇల్లు. ఇంటికి సంబంధించినది, సొంతమైనది ఖానగీ. దీనికి ఎదురుగా నిలిచేది సర్కారీ. అంటే పాలనా పరిభాష బడులను ఇంటివి, సర్కారువి అని రెండుగా విభజించింది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో ఎక్కువగా వినిపించే ‘వీధిబడి’ అన్న మాట బడిని వీధిలో చూసింది. రెండు పేర్లూ చెప్పేది ఒకే రకం సంస్థ గురించి. ఇంటి అరుగు మీదనో, గుడి మంటపంలోనో, పందిరి కిందనో ఒక పంతులు, ఆయన ముందు పదిమంది పిల్లలు, వారి ఇళ్ల నుంచి వచ్చే ధాన్యం, దసరా పండుగకు దక్కే మామూలు ఆ సంస్థకు ఆధారం.

‘ఖానగీ’ స్థానంలో ‘ప్రైవేటు’ వచ్చాక అర్థం మరింత విస్తరించింది. తెలుగు వాడుకలో ఈ మాటకు మూడు ప్రయోజనాలున్నాయి. ‘ప్రైవేటు బడి’ అంటే యాజమాన్యం సర్కారుది కాదని అర్థం. ‘ప్రైవేటు చెప్పడం’, ‘ప్రైవేటుకు పోవడం’ అన్నప్పుడు బడి వేళల తర్వాత రుసుము తీసుకుని పంతులు ఇంట్లో చెప్పే చదువు. ‘ప్రైవేటుగా పరీక్షకు కట్టడం’ అన్నప్పుడు ఏ బడిలోనూ చేరకుండా బయటి నుంచి పరీక్ష రాయడం. యాజమాన్యం, రుసుము, పరీక్ష అన్న మూడు అంశాలు ఒకే మాటలో ఒదిగి ఉన్నాయి. ప్రభుత్వేతర విద్య ఏ కాలంలోనైనా ఈ మూడింటి మధ్యనే నడిచింది. వీటిలో పరీక్ష అన్నిటికంటే కీలకమైనది. బడి ఎవరైనా పెట్టవచ్చు. ఆ బడిలో చదివిన చదువును చదువుగా ఒప్పుకునేది ఎవరన్నదే అసలు సమస్య.

ఇక ‘కాన్వెంటు’ అన్న మాట క్రైస్తవ సన్యాసినుల మఠాన్ని సూచించేది. తెలంగాణ పల్లెల్లో అది ఇంగ్లీషు మాధ్యమంలో నడిచే ప్రతి ప్రైవేటు బడికీ పేరైంది. యాజమాన్యం ఏ మతానిదైనా, గదులు రేకుల కప్పువైనా అది కాన్వెంటే. ఇక్కడ మాట సంస్థ పుట్టుకను వదిలిపెట్టి భాషను మాత్రమే పట్టుకుంది. ఖానగీ బడి ఇంటిని గుర్తుచేస్తే, కాన్వెంటు ఇంట్లో లేని భాషను గుర్తుచేస్తుంది. ఒకే రకమైన యాజమాన్యం గల బడికి రెండు కాలాలలో వచ్చిన ఈ రెండు పేర్ల మధ్య దూరాన్ని కొలవడమే ప్రైవేటు బడి చరిత్రకారుని పని.

3. వీధిబడి: కీర్తికీ నిందకూ మధ్య

వీధిబడిని గురించిన రచనలలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒక ధోరణి దానిని పోగొట్టుకున్న స్వర్ణయుగంగా చూస్తుంది. మరొకటి కోదండం, గోడకుర్చీ వంటి శిక్షలకు, అర్థం తెలియని వల్లెవేతకు నిలయంగా చూస్తుంది. ఈ రెండు ధోరణులకూ ఆధారం కాగల పత్రం 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణలో భాగంగా ఇది వచ్చింది. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆ నివేదిక లెక్క చూపింది. 1826లో మన్రో సమర్పించిన పత్రం ప్రకారం మొత్తం రాజధానిలో 12,498 బడులున్నాయి. జనాభా 1,28,50,941.

ఈ లెక్కలను స్వర్ణయుగవాదులు తరచు ఉటంకిస్తారు. సగటు తీస్తే బళ్ళారిలో ఒక బడికి పన్నెండు పదముగ్గురు పిల్లలే వస్తారన్న సంగతిని మాత్రం వారు వదిలేస్తారు. పన్నెండుమంది పిల్లలున్న బడి ఆ ఊరి పిల్లలందరి బడి కాజాలదు. క్యాంప్‌బెల్ నివేదికలోనే మరొక గమనింపు ఉంది. పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వారి నిత్యవ్యవహార భాషకు దూరమైనదని, చదివినదాని అర్థం వారికి తెలియడం లేదని ఆయన రాశారు. పరాయి పాలకుని చూపులోని పరిమితులను లెక్కలోకి తీసుకున్నా, ఈ గమనింపును పక్కన పెట్టలేము. ఇంటి భాషకు, బడి భాషకు మధ్య ఎడం ఇంగ్లీషుతోనో ఉర్దూతోనో మొదలు కాలేదని, తెలుగు బడిలోనే తెలుగు లోపల అది ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఈ విషయంలో మంచి మార్గం చూపింది. రాజుల వంశావళిని వదిలి ప్రజల తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలతోపాటు చదువు తీరును కూడా ఆయన కావ్యాలలోని చిన్న చిన్న ప్రస్తావనల నుంచి ఏరి కూర్చారు. ఈ పద్ధతి బలం, పరిమితి ఒకచోటే ఉన్నాయి. కావ్యం చదువుకున్నవాడు రాసినది. బడికి వచ్చినవాడి సంగతి అందులో దొరుకుతుంది. బడి దాకా రానివ్వని పిల్లవాడి సంగతి దొరకదు. ఖానగీ బడిని మాతృభాషా కోటగా కీర్తించే ఏ రచనైనా ఈ లేమిని దాటి ముందుకు పోకూడదు. ఇంటి బడి కనుక ఇంటి గడప నియమాలన్నీ బడి గడపకూ వర్తించాయి. కులం చేత, ఆడపిల్లయిన కారణం చేత గడప అవతల నిలిచినవారికి తెలుగు బడి తెలుగులో ఉండడం వల్ల కలిగిన మేలు తక్కువ.

4. అనుమతి రాజకీయం – ఆంధ్రోద్యమ చరిత్రలో బడి

నిజాం రాజ్యంలో 1884 నుంచి పారశీ స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను ఉన్నత విద్యా మాధ్యమంగా స్వీకరించింది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు దాకా బోధించిన సాహసంగా ఆ ప్రయోగం దేశమంతటా ప్రశంసలు పొందింది. ఆ ప్రశంస న్యాయమైనదే. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగుకు మాత్రం ఆ ప్రయోగంలో మాధ్యమ స్థానం లేకపోయింది. దేశభాషలో చదువు అన్న ఆదర్శం, ఏ దేశభాష అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఈ స్థితిలో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం హైదరాబాదులోనూ, 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం హనుమకొండలోనూ వెలిశాయి. గ్రంథాలయం చదవనేర్చినవారికి పనికివస్తుంది. చదవడం నేర్పడానికి బడి కావాలి. సర్కారు బడులు చాలనిచోట ఆ పని ఖానగీ బడుల మీద పడింది. 1920లలో ప్రభుత్వం ఖానగీ పాఠశాలలపై కట్టుదిట్టమైన నిబంధనలు విధించింది. ముందుగా అనుమతి లేకుండా బడి తెరవరాదన్నది వాటి సారాంశం. సభలను కట్టడి చేసిన గస్తీ నిషాన్ 53తోపాటు ఈ నిబంధనల రద్దు కూడా ఆంధ్రోద్యమపు ప్రధాన కోరికలలో ఒకటైంది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన 1931లో దేవరకొండలో, పులిజాల వెంకటరంగారావు అధ్యక్షతన 1934లో ఖమ్మంలో, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన 1935లో సిరిసిల్లలో ఆంధ్ర మహాసభలు జరిగాయి. విద్యావ్యాప్తి, ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన, ఖానగీ బడుల స్వేచ్ఛ ఆ సభల చర్చలలో మళ్లీ మళ్లీ వచ్చిన విషయాలు.

ఈ చరిత్రకు ప్రామాణిక గ్రంథం మాడపాటి హనుమంతరావు రెండు భాగాలుగా రచించిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’. ఉద్యమాన్ని నడిపిన వ్యక్తే చరిత్ర రాసినందువల్ల ఆ గ్రంథానికి సాటిలేని ప్రామాణ్యం ఉంది. సభలు, తీర్మానాలు, విజ్ఞప్తులు, ప్రభుత్వ సమాధానాలు క్రమంగా నమోదయ్యాయి. అయితే ఈ రచనా పద్ధతిలో బడి ఒక తీర్మానపు వస్తువుగా కనిపిస్తుంది. తీర్మానం బడిని బహువచనంలో చూస్తుంది. ఒక్కొక్క బడిలో ఏ పుస్తకం చదివారు, ఎవరు మధ్యలో మానేశారు, పంతులుకు జీతం ఎలా ముట్టింది అన్నవి తీర్మానానికి అక్కరలేని వివరాలు. చరిత్రకు అవే ప్రాణం. తీర్మానాల భాషలో రాసిన విద్యాచరిత్ర బడి హక్కును చూపగలిగింది. బడిని చూపలేకపోయింది.

ఇది మాడపాటివారి లోపమని అనడం న్యాయం కాదు. అనుమతి కోసం అర్జీ పెట్టుకునే కాలంలో అర్జీ భాషే రచనకు భాష అవుతుంది. తరువాతి పరిశోధకులు ఆ గ్రంథాన్ని దాటకుండా అందులోని తీర్మానాల పట్టికనే విద్యాచరిత్రగా తిరగరాయడమే విమర్శకు గురికావలసిన అంశం.

5. నారాయణగూడ నుంచి పూనా దాకా: గుర్తింపు వెతుకులాట

తీర్మానాల వెనుక నిజమైన బడి ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఆంధ్ర బాలికోన్నత పాఠశాల మంచి ఉదాహరణ. దాని కథ 1928 కంటే ఏడేళ్ల ముందు, మరొక ప్రైవేటు పాఠశాల ఆవరణలో మొదలవుతుంది.

హైదరాబాదులో మరాఠీ సమాజం 1907లో వివేకవర్ధిని పాఠశాలను నెలకొల్పింది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగింది. స్త్రీవిద్యకు జీవితాన్ని ధారపోసిన ధోండో కేశవ కార్వే దానికి అధ్యక్షులు. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులలో కొందరు అల్లరి చేసి అడ్డుకున్నారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఈ ఘట్టాన్ని తెలంగాణ చరిత్ర గ్రంథాలన్నీ చెబుతాయి. తెలుగు మాటకు చోటు దొరకనిది సర్కారు కచేరీలో కాదని, సంస్కారవాదుల ప్రైవేటు విద్యాసంస్థ ఆవరణలో అని మాత్రం అవి నొక్కి చెప్పవు. ప్రైవేటు బడి అంటేనే మాతృభాషకు ఆశ్రయమన్న సూత్రం ఇక్కడే సడలుతుంది. అది ఒక సమాజపు మాతృభాషకు ఆశ్రయమై, పక్క సమాజపు మాతృభాషకు మూసిన తలుపు కావచ్చు.

1928లో మాడపాటి హనుమంతరావు చొరవతో తెలుగు మాధ్యమంలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల ఏర్పడింది. రెండేళ్ల తర్వాత జోగిపేటలో ఆంధ్ర మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగిందన్న విషయాన్ని దీనితో కలిపి చూడాలి. ఉర్దూ మాధ్యమపు విద్యావ్యవస్థలో తెలుగులో నడిచే ఉన్నత పాఠశాలకు గుర్తింపు దక్కే దారి లేదు. పాఠశాల నిర్వాహకులు పూనాలోని మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం ఏర్పరచుకున్నారు. ఆ విశ్వవిద్యాలయాన్ని 1916లో స్థాపించినవారు కార్వేయే. మాతృభాషలో స్త్రీలకు ఉన్నత విద్య దాని మూలసూత్రం. దానికి కూడా చట్టబద్ధమైన విశ్వవిద్యాలయ హోదా స్వాతంత్ర్యం తర్వాత, 1951లో గాని రాలేదు.

ఈ వరుసలో చరిత్ర చేసిన చమత్కారం ఒకటి ఉంది. 1921లో ఏ మహనీయుడు అధ్యక్షుడుగా ఉన్న సభలో తెలుగు వినబడకుండా పోయిందో, ఆయన స్థాపించిన విశ్వవిద్యాలయమే తెలుగు బాలికల పరీక్షలకు ఆధారమైంది. అల్లరి చేసినది సభికులలో కొందరు. ఆశ్రయమిచ్చినది ఆయన సూత్రం. వ్యక్తుల కీర్తి, నింద అన్న కొలమానాలతో ఈ ఘట్టం అర్థం కాదు. రాజ్యంలో గుర్తింపు లేని బడి, చట్టంలో గుర్తింపు లేని విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించింది. రెండింటినీ కలిపినది మాతృభాషా మాధ్యమం. భాషను నిలుపుకోవడానికి ఆ బడి స్థానిక గుర్తింపును వదులుకుంది. ఆ ధర చెల్లించినవారు అందులో చదివిన బాలికలు. తమ రాజ్యంలో ఉద్యోగానికి పనికిరాని పట్టాను వారు తెలుగు కోసం స్వీకరించారు. స్థాపకుని త్యాగం గురించి గ్రంథాలు రాశాయి. విద్యార్థినుల త్యాగానికి ఇంకా పేజీ కేటాయించవలసి ఉంది.

హద్దు అవతల గుర్తింపు వెతుక్కోవడం ఈ ఒక్క బడితో ఆగలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి. వి. నరసింహారావు వారిలో ఒకరు. ఆ సంఘటన రాజకీయ చరిత్రలో వీరగాథగా నిలిచింది. పదేళ్ల ముందు అదే పనిని నిశ్శబ్దంగా చేసిన బాలికల పాఠశాల విద్యాచరిత్రలో ఒక వాక్యానికి పరిమితమైంది.

6. కవుల సంచిక, ఆత్మకథలు: పరోక్ష సాక్ష్యం

తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ప్రచురించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు ఉన్నారు. ఈ గ్రంథాన్ని సాహిత్య పరిశోధకులు ఆత్మగౌరవ ప్రకటనగా చదివారు. దానిని విద్యాచరిత్ర పత్రంగా కూడా చదవవచ్చు. పై తరగతుల చదువు ఉర్దూలో సాగే రాజ్యంలో ఛందోబద్ధమైన తెలుగు పద్యం రాయగలిగినవారు ఇందరు ఎక్కడ తయారయ్యారు? సర్కారు బడి ఈ ప్రశ్నకు చాలినంత సమాధానం కాదు. ఇంటి చదువు, గురువుల ఇళ్లు, ఖానగీ బడులు కలిసి నడిపిన ఒక సమాంతర విద్యావ్యవస్థను ఆ సంచిక పరోక్షంగా రుజువు చేస్తుంది. కవుల ఊళ్లను పటంపై గుర్తిస్తే ఖానగీ చదువు విస్తరించిన తావులు కొంతవరకైనా బయటపడతాయి. ఆ చదువు ఏ కులాల గడప దాటిందో, ఏ గడప దగ్గర ఆగిందో కూడా అదే పట్టిక చెబుతుంది.

ఆత్మకథలది మరొక స్వభావం. కాళోజీ నారాయణరావు ‘ఇదీ నా గొడవ’, దాశరథి కృష్ణమాచార్య ‘యాత్రాస్మృతి’, దాశరథి రంగాచార్య ‘జీవనయానం’, దేవులపల్లి రామానుజరావు ‘యాభై సంవత్సరాల జ్ఞాపకాలు’ ఓరుగల్లు మండలపు జీవితాన్ని గాఢంగా పట్టిచ్చిన గ్రంథాలు. కాళోజీ పెరిగిన మడికొండ, దాశరథి సోదరులు పుట్టిన చిన్నగూడూరు ఈ వ్యాసం మాట్లాడుతున్న ప్రాంతంలోనివే. ఈ ప్రక్రియలో బాల్యపు చదువు రాబోయే ఉద్యమ జీవితానికి పీఠికగా అమరుతుంది. తర్వాత ఉద్యమకారుడైన వ్యక్తి తన బడిని తిరిగి చూసినప్పుడు అక్కడ ఉద్యమబీజాలే కనిపిస్తాయి. ఉద్యమంలోకి రాని సహాధ్యాయి అదే బెంచీపై కూర్చుని ఏమి నేర్చుకున్నాడన్నది ఆ చట్రంలో ఇమడదు. అలాగే ఈ రచయితలు బహుభాషా పండితులు. ఉర్దూ రుద్దబడిందన్న ఆవేదన, ఉర్దూ కవిత్వంపై ప్రేమ వారిలో పక్కపక్కనే ఉన్నాయి. బోధన భాషగా అన్యాయం చేసిన భాష, సాహిత్య భాషగా సంపద ఇచ్చిందన్న ఈ జంట అనుభవాన్ని విద్యాచరిత్ర ఒకవైపుకే లాగి చెప్పడం సరికాదు.

ఘన్‌పూర్‌కు చేరువలోని బమ్మెర పేరు తలచినప్పుడు తెలుగు సాహిత్యంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన బడి గుర్తుకు రాక మానదు. పోతన ప్రహ్లాద చరిత్రలో చండామార్కులు రాజు నియమించిన ఉపాధ్యాయులు. వారు చెప్పవలసినది ఏమిటో రాజు నిర్ణయించాడు. పిల్లవాడిని పిలిచి ఏమి నేర్చావని అడిగే హిరణ్యకశిపుడు ఒక విధంగా మొదటి తనిఖీ అధికారి. బడి చెప్పినది వేరు, పిల్లవాడు నేర్చినది వేరు కావడమే ఆ కథకు ఇరుసు. పాఠ్యప్రణాళికలు, అనుమతి పత్రాలు మాత్రమే చూసి బడి చరిత్ర రాసేవారికి ఈ కథ ఒక హెచ్చరిక.

7. తలకిందులైన బేరం

1948లో నిజాం పాలన ముగిసింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడింది. తెలుగు బోధన భాషగా సర్కారు బడిలో స్థిరపడింది. ఖానగీ బడి ఏ కారణంతో పుట్టిందో ఆ కారణం తీరిపోయినట్లే. ప్రైవేటు బడి అంతరించలేదు. దాని స్థానం మారింది. సర్కారు బడిలో దొరకని భాష ఇప్పుడు ఇంగ్లీషు. మొదట జిల్లా కేంద్రాలలో, తర్వాత రైలు, బస్సు సౌకర్యమున్న చిన్న పట్టణాలలో ఇంగ్లీషు మాధ్యమపు పగటి పాఠశాలలు వెలిశాయి.

ఈ రెండు దశల మధ్య పోలిక ఒకటి, తేడా ఒకటి ఉన్నాయి. సర్కారు బడి ఇవ్వని భాషను ఇస్తానన్న హామీతో బడి నిలబడటం, ఆ హామీకి ఇళ్లు రుసుము చెల్లించడం రెండింటికీ సమానం. తేడా గుర్తింపు విషయంలో ఉంది. 1928 నాటి బడి భాషను దక్కించుకుని గుర్తింపును వదులుకుంది. ఈనాటి బడి గుర్తింపును దక్కించుకుని ఇంటి భాషను వదులుకుంది. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యాచట్టం, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడికి గుర్తింపును తప్పనిసరి చేశాయి. విద్యాహక్కు చట్టం 18వ సెక్షను గుర్తింపు పత్రం లేకుండా పాఠశాల నడపరాదంటుంది. అదే చట్టం 29వ సెక్షను బోధన మాధ్యమం సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాష కావాలంటుంది. మొదటిది ఆదేశం, రెండవది ‘సాధ్యమైనంతవరకు’. గుర్తింపు అధికారులు గోడల కొలతలు, మరుగుదొడ్లు, ఆటస్థలం తనిఖీ చేస్తారు. భాష ఆ తనిఖీ పట్టికలో బరువైన అంశం కాలేదు. నిజాం నాటి నిబంధనలకు బడి ఉనికి మీద అనుమానం ఉండేది. ఈనాటి నిబంధనలకు బడి భాష మీద ఉదాసీనత ఉంది.

2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి బోధనాంశంగా చేస్తూ చట్టం తెచ్చింది. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టే నిర్ణయం తీసుకుంది. ఈ రెండు చర్యలనూ కలిపి చూస్తే తెలుగు మాధ్యమం స్థాయి నుంచి పాఠ్యాంశం స్థాయికి జరగడం స్పష్టమవుతుంది. ఈ పరిణామాన్ని తల్లిదండ్రుల ఇంగ్లీషు వ్యామోహంగా కొట్టివేయడం పరిశోధకులకు తగదు. తెలుగు బడి గడప దగ్గర తరతరాలుగా ఆగిపోయినవారికి ఇంగ్లీషు బడి రుసుము తీసుకునైనా తలుపు తెరిచింది. మాతృభాషా వాదం బలపడాలంటే ఖానగీ బడి గడపను గురించి నిజం ఒప్పుకోవడంతోనే అది మొదలు కావాలి.

8. ఘన్‌పూర్ వంటి ఊళ్లో బడి చరిత్ర: అడగవలసిన ప్రశ్నలు

స్టేషన్ ఘన్‌పూర్ వంటి పట్టణంలో దశాబ్దాలుగా నడుస్తున్న ఒక ప్రైవేటు పగటి పాఠశాల చరిత్ర రాయబూనిన పరిశోధకుడికి రజతోత్సవ సంచిక, స్థాపకుని ఛాయాచిత్రం, ఫలితాల శాతాలు సులభంగా దొరుకుతాయి. పై చర్చ దృష్ట్యా వాటికంటే విలువైనవి మూడు పత్రాలు. మొదటిది ప్రవేశ రిజిస్టరు. అందులోని ఊరి పేర్ల గడి బడికి ఎంత దూరం నుంచి పిల్లలు వచ్చారో చెబుతుంది. తండ్రి వృత్తి, కులం, ఆడ మగ గడులు గడప కథ చెబుతాయి. రెండవది బదిలీ ధ్రువపత్రాల కట్ట. బడి విడిచిన తేదీ, తరగతి, కారణం చూస్తే ఏ కరువు ఏడాది, ఏ తరగతి దగ్గర పిల్లలు జారిపోయారో తెలుస్తుంది. మూడవది గుర్తింపు, మాధ్యమ మార్పుకు సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలు. తెలుగు మాధ్యమం సెక్షను ఏ సంవత్సరం మూతపడిందన్నది ఆ బడి చరిత్రలో స్థాపన తేదీతో సమానమైన తేదీ.

ఈ మూడింటికీ తోడు మౌఖిక సాక్ష్యం కావాలి. పేరు పొందిన పూర్వ విద్యార్థుల కంటే బడి గంట కొట్టిన ఉద్యోగి, తక్కువ జీతంతో ఏళ్ల తరబడి బోధించిన టీచరమ్మ, మధ్యలో మానేసిన విద్యార్థి చెప్పేవి ఎక్కువ ఉపయోగపడతాయి. తెలుగు మాట్లాడితే జరిమానా ఉండేదా, ఆటస్థలంలో ఏ భాష వినిపించేది, ఇంట్లో పాఠం అప్పజెప్పేటప్పుడు తల్లి ఏ భాషలో వినేది అన్న ప్రశ్నలకు జవాబులు ఏ రిజిస్టరులోనూ ఉండవు. ప్రైవేటు బడి మూతపడినప్పుడు దాని కాగితాలు కట్టడంతోపాటే చేతులు మారతాయి, చెదలు పడతాయి. చిత్తుకాగితాల బండి ఎక్కేలోగా వాటిని చూడటం పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.

9. ఉపసంహారం

తెలంగాణలో ప్రైవేటు పగటి పాఠశాల చరిత్ర స్థాపకులది మాత్రమే కాదు, వ్యాపారులది మాత్రమే కూడా కాదు. అది ఇల్లు, ప్రభుత్వం, భాష అన్న మూడింటి మధ్య సాగిన బేరం చరిత్ర. ఖానగీ బడి ఇంటి భాషను కాపాడింది, ఇంటి అసమానతలనూ కాపాడింది. ఆంధ్ర బాలికోన్నత పాఠశాల భాష కోసం రాజ్యపు గుర్తింపును వదులుకుని హద్దు దాటింది. నేటి ఇంగ్లీషు మాధ్యమ పాఠశాల గుర్తింపుతో, కొత్త వర్గాల ఆశలతో నిలిచి, ఇంటి భాషను గేటు బయట వదిలింది. ఏ బడి చరిత్రనైనా అంచనా కట్టేటప్పుడు అది ఏమి సాధించిందన్న ప్రశ్నతోపాటు, దానికోసం ఏమి వదులుకుందో, ఆ ధర ఎవరు చెల్లించారో కూడా అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం సభల తీర్మానాల్లో కంటే ఒక చిన్న పట్టణపు బడి ప్రవేశ రిజిస్టరులో, బడి విడిచిన కారణం రాసే ఇరుకైన గడిలో ఎక్కువగా దొరుకుతుంది.